గొట్టం లేని టాంకు, కండువా కట్టిన బోదె

ఆ రోజుల్లో లోకంలో నాకు రెండే రకాల మనుషులు కనిపించేవారు. ప్రశ్న అడిగేవాళ్లు, అడగనివాళ్లు. మొదటి రకంలో నేనూ మా మాస్టారూ ఉండేవాళ్లం. రెండో రకంలో మిగతా ఉభయ గోదావరి జిల్లాలూ ఉండేవి. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నానన్న పేరు పెట్టుకుని, ఆదివారం వచ్చిందంటే రిటైరైన ఒక సైన్సు మాస్టారి డాబా మీద జరిగే చర్చావేదికలో కూర్చుని, ముహూర్తాల మీద, శకునాల మీద, దిష్టి మీద, బూడిద రాల్చే బాబాల మీద గొంతు చించుకునేవాణ్ణి. ఎదటివాడు నోరు మూసుకుంటే గెలిచినట్టేనని నా లెక్క. (వాళ్లు నోరు మూసుకునేది సాధారణంగా భోజనాల వేళ అవడం వల్ల అని చాలా కాలానికి గాని తెలియలేదు.) మాస్టారు మాత్రం ఆ గెలుపును గెలుపు కింద జమకట్టేవారు కాదు. "ఒరే, వాడు ఓడిపోవడం కాదురా మనకి కావలసింది, ఒప్పుకోవడం. దానికి నోరు చాలదు. కళ్లకి చూపించాలి" అనేవారు. నేను వినయంగా తలూపి, కిందికి దిగి, మెట్ల దగ్గర ఎవడో ఒకణ్ణి పట్టుకుని మళ్లీ నోటితోనే మొదలుపెట్టేవాణ్ణి.

ఇన్ని వాదాల మధ్య పరీక్షలు రాయడానికి తీరిక దొరక్క డిగ్రీ రెండో ఏట చతికిలబడ్డాను. ఆ వెంటనే రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరిగెత్తి సైన్యంలో చేరిపోయాను. మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించినవాడు అసలు యుద్ధానికే పోయాడని డాబా మీద మిత్రులు నవ్వుకున్నారట. సైన్యంవాళ్లు నా చేతికి తుపాకి కంటే ఎక్కువసేపు గ్రీజు డబ్బా ఇచ్చారు. నన్ను మెకానిక్కుగా తీసుకుని రికవరీ బండి మీద వేశారు. ఆ బండి సంగతి కాస్త చెప్పాలి. ఒళ్లంతా టాంకే. ఉక్కు కవచం, చైన్లు, టాంకు ఇంజను, టాంకు రొద. పైన తిరిగే బురుజూ, దానికి ఫిరంగి గొట్టమూ మాత్రం ఉండవు. వాటికి బదులు వీపు మీద క్రేను, కడుపులో వేలు లావు కాదు, మణికట్టు లావు వైరు తాడు చుట్టుకునే వించ్, ముందు బండి వెడల్పున ఉక్కు పార. టాంకు బురదలో దిగబడినా, మందుపాతర తగిలి చైను తెగినా, ఇంజను చచ్చిపోయినా, గుళ్లు పడుతున్న చోటికే ఈ బండి వెళుతుంది. ఉక్కు పార నేలలో గుచ్చి కదలకుండా కూర్చుంటుంది. తాడు వదిలి, తగిలించి, లాగుతుంది. అక్కడికక్కడే బాగయ్యేదైతే క్రేనుతో ఇంజను ఎత్తి వేరేది పెడుతుంది, కానిదైతే వర్క్‌షాపు దాకా ఈడ్చుకొస్తుంది. మాకు పాఠం చెప్పిన హవల్దారును అందరూ ఉస్తాద్ అనేవారు. మొదటి రోజునే ఆయన హిందీలో తేల్చేశాడు: "ముందుకు పోయినవాడికి పతకం వస్తుంది. వాణ్ణి వెనక్కి లాక్కొచ్చినవాడికి టీ వస్తుంది. టీ ఇష్టంలేనివాళ్లు ఇప్పుడే చెప్పండి."

నాకు టీ ఇష్టమే. ఇష్టంలేనిది మా మావయ్యకి. నేను పెరిగింది మేనమామ ఇంట్లో, రావులపాలెం అవతల ఒక ఊళ్లో. ఆయనకు ఊళ్లో 'రేడియో' అని పేరు. ఏ వార్తైనా ఆయన చెవిలో పడితే కాలవ అవతలి గట్టుదాకా వినపడేది. పైగా చేరుకునే సరికి పెరిగేది. నా ఉద్యోగం వార్త ఆయన నోట్లో పడగానే 'మావాడు టాంకు తోలుతున్నాడు' అయింది. నేను మా బండి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో పంపితే టీకొట్టులో గోడకి పెట్టించాడు. అక్కడే కథ అడ్డం తిరిగింది. మా పంచాయతీ ప్రెసిడెంటు గారు (రైసు మిల్లు ఆయనదే, టీకొట్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీ కూడా ఆయనదే) కళ్లజోడు పెట్టుకుని ఫోటో అటూ ఇటూ చూసి, "ఏవండీ రేడియో గారూ, టాంకన్నారు, మరి గొట్టం ఏదండీ?" అన్నారట. మావయ్య తడుముకోకుండా, "ఇది లోపలికి ముడుచుకునే రకవండి. శత్రువు కనబడితేనే బయటికొస్తుంది" అన్నాడట. ఊరు నమ్మింది. శత్రువు కనబడనంతకాలం నమ్మడానికి ఇబ్బందేముంది?

నేను సెలవు మీద వచ్చిన మర్నాడే టీకొట్టులో ఈ సంగతి తెలిసింది. సత్యం కోసం మెట్ల మీద కొట్లాడినవాణ్ణి, ఊరుకుంటానా? కుర్చీ లాక్కుని కూర్చుని, మాది కాల్చే బండి కాదనీ, లాగే బండి అనీ, యుద్ధంలో పోరాడేవాళ్ల వెనక ఇలాంటి మరమ్మతు బలగం లేకపోతే ఎంత గొప్ప టాంకైనా రెండో రోజుకి ఇనప సామాను కింద లెక్క అనీ, ఫిరంగి లేకపోవడం లోపం కాదు, పని విభజన అనీ గట్టిగా ఉపన్యసించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. సాయంత్రానికి నా పేరు 'లాగుడు మిలిటరీ' అయింది. మావయ్య ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "నువ్వు నిజం చెప్పకపోతే దేశానికేంట్రా నష్టం?" అన్నాడు. అత్తయ్య మజ్జిగ పోస్తూ, "పోనిద్దురూ, గొట్టం ఉన్న టాంకైతే ఎవర్నో చంపాలి కదా" అంది. ఆ ఇంట్లో హేతువాదం ఏమైనా ఉంటే అది ఆవిడ దగ్గరే ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అవి సార్వా (ఖరీఫు పంట) కోతల రోజులు. కోతకు మనుషులు దొరకడం మానేశారు. మావయ్య ఆ ఏడు రైతులందరినీ కూడగట్టి, కాదన్నవాళ్లతో పోట్లాడి, ఊళ్లోకి మొదటిసారి కోత మిషను తెప్పించాడు. టైర్ల మీద నడిచే పెద్ద మిషను. దాంతో పాటు పంజాబు నుంచి గడ్డం, తలపాగా ఉన్న డ్రైవరు. తెప్పించినవాడి చేలోనే మొదట దింపాలని మావయ్య పట్టు. ఆ గౌరవం ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆయన చేనేమో మురుగుకోడు (మురుగునీటి కాలవ) పక్కనున్న పల్లం చేను. పైన ఆరినట్టు కనిపించినా అడుగున జావ. మిషను దర్జాగా దిగి, సగం చేను కోసి, కోడు మూల తిరగబోయి, పొట్ట నేలకి ఆనేదాకా దిగబడింది. చూసినవాళ్లు అమావాస్య పూట దింపారన్నారు. (అమావాస్యకి మిషను బరువు పెరగదని నేను చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.) ఎవరో దాని ముందు గుమ్మడికాయ కొట్టారు. గుమ్మడికాయ పగిలింది, మిషను కదల్లేదు. దాన్ని లాగడానికి దింపిన ట్రాక్టరు కూడా ఇరుసు దాకా కూరుకుపోతే, దాన్ని మాత్రం మనుషులు తోసి గట్టెక్కించారు.

ఆ సాయంత్రమే అసలు రేడియో బంగాళాఖాతంలో వాయుగుండం అంది. ఊరి పంటంతా పండి తలలు వాల్చి నిలబడి ఉంది. మిషను బయటికొస్తే వాన లోపు చాలావరకు కోసేయవచ్చు. రాకపోతే గింజలన్నీ నీళ్లలోనే మొలకెత్తుతాయి. రాజమండ్రి నుంచి క్రేను రావడానికి రోజులు పడతాయన్నారు, వచ్చినా అది పుంత (చేల మధ్య బండి బాట) దిగి చేలోకి రాలేదు. మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర మావయ్యను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన రాగానే మాట్లాడుకుంటున్నవాళ్లు ఆపేశారు. జీవితంలో మొదటిసారి మా ఇంటి రేడియో మూగబోయి వచ్చి, అరుగు మీద పుస్తకం చదువుకుంటున్న నా పక్కన కూర్చుంది.

"ఒరే అబ్బాయ్. నీ బండి చేసే పని ఇదే అన్నావు కదరా."

"బండి ఇక్కడ లేదు కదా మావయ్యా."

"బండి లేకపోతే లేకపోయింది. బుర్ర తెచ్చుకున్నావు కదా."

మాస్టారి డాబా మీద ఇన్నేళ్లు కూర్చున్నా, హేతువాదం గురించి అంత సూటి మాట నేను వినలేదు. పుస్తకం మూసేసి లేచాను.

చేలోకి వెళ్లి మిషను చుట్టూ తిరిగాను. పొట్ట కింద బురద పట్టేసి ఉంది. బురద పట్టు ఒక్కోసారి బండి సొంత బరువును మించిపోతుందని ఉస్తాద్ చెప్పేవాడు. అందుకే రికవరీ వాడు మొదట పట్టుకోవలసింది తాడు కాదు, పార. మా బండి ఇచ్చే సౌకర్యాలన్నీ ఒక్కొక్కటే ఊళ్లో వెతుక్కున్నాను. వించ్‌కి బదులు ట్రాక్టరు. నేలలో గుచ్చుకునే ఉక్కు పారకి బదులు పుంత మలుపులో గట్టి నేల మీదున్న ఒక ముదురు తాటిచెట్టు. వైరు తాడూ, కప్పీ గోదావరి పాయ దాటించే పంటు రేవులో దొరికాయి. కప్పీని తాటిచెట్టుకి కట్టడానికి ప్రెసిడెంటు గారు తమ మిల్లులోని గొలుసు పంపి, దాని మీద వేరే గొలుసు వెయ్యడానికి వీల్లేదన్నారు. ఊరి మిషను ఊరి ప్రెసిడెంటు గొలుసుతోనే పైకి రావాలట. చైన్ల మీద తిరిగిన మనిషినని నేను దాన్ని తట్టి చూశాను. బాగానే మోగింది. ఉస్తాద్ అయితే, మోగే గొలుసును నమ్ముతావా, బరువు మోసి చూపించిన గొలుసును నమ్ముతావా అనేవాడు. మోయించి చూడ్డానికి మన దగ్గర ఏముంది, దూరంగా నిలబడడం తప్ప?

సగం రోజు తవ్వాం. టైర్ల ముందు వాలుగా బాట తీసి, గడ్డీ కొబ్బరి మట్టలూ పరిచి, పొట్ట కింద బురద తోడి, నీళ్లు పక్కకి పోయేలా కాలవ కొట్టాం. పంజాబు డ్రైవరు, హిందీ వచ్చినవాడు దొరికిన ఆనందంలో, నాతో పాటు పంచె ఎగ్గట్టి దిగాడు. (పంచె మావయ్యది. ఆయన దాన్ని తిరిగి అడగలేదు.) మిషను ముందు నుంచి తాడు తాటిచెట్టు దాకా తెచ్చి, కప్పీ చుట్టూ తిప్పి, పుంత మీద నిలబెట్టిన ట్రాక్టరుకి తగిలించాం. పైనుంచి చూస్తే తాడు రెండు చేతులు చాచినట్టు ఉంటుంది. ఒక చెయ్యి మిషనుకి, ఒక చెయ్యి ట్రాక్టరుకి, వంపు తాటిచెట్టు దగ్గర. ఆ రెండు చేతుల మధ్య చోటు ఉంది చూశారూ, రికవరీ పనిలో అంత ప్రమాదమైన చోటు ఇంకోటి లేదు. వంపు దగ్గర పట్టు వదిలిందంటే బిగిసిన తాడు నిటారు కావడానికి ఆ మధ్యలోంచి కొడవలిలా దూసుకుపోతుంది. సైన్యంలో అక్కడ కాలు పెట్టినవాణ్ణి ఉస్తాద్ తిట్టడు, నేరుగా వంటశాలకి పంపేస్తాడు.

మా ఊరు మొత్తం సరిగ్గా అక్కడే వచ్చి నిలబడింది. అక్కడినుంచి మిషనూ కనిపిస్తుంది, ట్రాక్టరూ కనిపిస్తుంది. దాన్ని మించిన గ్యాలరీ ఏముంటుంది? ప్రెసిడెంటు గారి కుర్చీ తెచ్చి నట్టనడుమ వేశారు. నేను గట్టెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. బిగిసిన తాడులో శక్తి ఎలా దాగి ఉంటుందో చెప్పాను. సాగదీసిన పంగలకర్ర రబ్బరుతో పోల్చాను. మనిషి నడుము ఉక్కుకంటే మెత్తనిదని నిరూపించాను. ప్రశ్నించని మెదడు గురించి కూడా ఓ మాట అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ముందు వరస వాళ్లు ప్రెసిడెంటు గారు లేవందే కదలరు. ఆయనేమో, "నువ్వు చెప్పేది బానే ఉంది గానోయ్, నేను లేస్తే జనం నన్ను చూసి భయపడ్డాననుకుంటారు" అన్నారు. వెనక నుంచి ఒకాయన అసలు కారణం చెప్పాడు: "మీరు చెప్పినట్టే వెళ్తావండి, మరి ఈ చోటు ఇంకోడు పట్టేస్తే?"

అక్కడ నాకు మాస్టారు గుర్తొచ్చారు. ఆ వెంటనే రావులపాలెం బస్‌స్టాండు గుర్తొచ్చింది. మా జిల్లాల్లో బస్సెక్కడానికి ముందు కిటికీలోంచి సీటు మీద కండువా పడేస్తారు. ఆ సీటు ఇక ఆ మనిషిదే. కండువా తీసి కూర్చునేంత తెగువ ఉన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. దాన్ని ఏ చట్టంలోనూ రాయలేదు, అయినా ఏ చట్టానికీ అంత మర్యాద లేదు. పక్క తోటలో గెలలు కొట్టి పడేసిన అరటి బోదెలు గుట్టలుగా ఉన్నాయి.

"చోటు పోతుందని కదండీ మీ భయం?" అన్నాను. "కండువాలు వేసుకోండి. ఒక్కొక్కరు ఒక్కో బోదె తెచ్చి మీరు నిలబడ్డచోట పాతండి, మీ కండువా దానికి కట్టండి. చోటు మీదే. మీరు మాత్రం తాటిచెట్టు వెనక్కి రండి."

నిమిషంలో ఊరు కదిలింది. ఉపన్యాసానికి లేవని కాళ్లు కండువాకి లేచాయి. మనిషి ఎత్తు బోదెలు తెచ్చి బురదలో గుచ్చి, తువాళ్లూ కండువాలూ చుట్టారు. నీ బోదె నాకడ్డం వచ్చిందని ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. ప్రెసిడెంటు గారి కుర్చీలో లావుపాటి బోదెనొకదాన్ని కూర్చోబెట్టి, జరీ అంచు కండువా దాని మెడలో వేశారు. "మీకంటే నిటారుగా కూర్చుందండీ" అన్నారెవరో. ఆయన కూడా నవ్వారు. ఊరంతా వచ్చి నా వెనక, తాటిచెట్టు అవతల, తాడు అందనంత దూరంలో నిలబడింది. అంతవరకు నేను గెలవలేదు, కండువా గెలిచింది. ఆ సంగతి నాకు తెలుసు.

ట్రాక్టరు మీద మావయ్య. ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. మెల్లగా, తాడు బిగిసేదాకా పాకించినట్టు పోనిమ్మని చెప్పాను. ఆయన తలూపాడు. అయితే ఊరంతా చూస్తోంది, పొద్దున్న టీకొట్టులో ఆగిపోయిన మాటలన్నీ ఆయన చెవిలో ఉన్నాయి. క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి. తాడు బిగిసి ఏడ్చినట్టు మోగింది. తాటిచెట్టు దగ్గర ప్రెసిడెంటు గారి గొలుసు టప్పుమని తెగింది.

తాడు కదలడం ఎవరూ చూడలేదు. కళ్లు ఆర్పి తెరిచేసరికి బోదెలన్నీ సగానికి సగం ఉన్నాయి. పై సగాలు కండువాలతో సహా కోడు పక్కకి ఎగిరిపడ్డాయి. తెగిన చోట నీరు కారుతోంది. కుర్చీ కాళ్లు ఒక దిక్కున, వీపు ఒక దిక్కున. జరీ కండువా బురదలో ఒక తలలేని బోదె పక్కన పడి ఉంది. మావయ్య ట్రాక్టరు పుంత మీద కాస్త దూరం పరిగెత్తి ఆగింది, ఆయనకి దెబ్బ తగల్లేదు. ఎవరికీ తగల్లేదు. కొందరు తమ బోదె ఎక్కడుందో వెతుక్కుని, దాని తెగిన చోటు చూసి, అక్కడే తమ నడుము తడుముకున్నారు.

ప్రెసిడెంటు గారు బురదలోంచి ఆ కండువా తీసి దులిపారు. తరువాత నా దగ్గరికి వచ్చి, నన్నెప్పుడూ 'ఒరే' అని తప్ప పిలవని మనిషి, మెల్లగా అడిగారు.

"అబ్బాయి గారూ. ఇప్పుడు మమ్మల్ని ఎక్కడ నిలబడమంటారండీ?"

నేను జీవితంలో గెలిచిన వాదం అదొక్కటే. అందులో నేను మాట్లాడిన మాట ఒక్కటి కూడా లేదు.

తరువాతి పని సులువైంది, ఎందుకంటే చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఈసారి కప్పీని గొలుసుతో కాకుండా, మిగిలిన వైరు తాడునే తాటిచెట్టుకి చాలా చుట్లు చుట్టి కట్టాం. తాడు మీద తడి గోనెసంచులు వేలాడదీశాం, ఒకవేళ తెగినా దాని దూకుడు చావడానికి. జనంలోంచి ఒకరు అడుగు ముందుకేస్తే ప్రెసిడెంటు గారే కర్ర పట్టుకుని తరిమారు. మావయ్య ట్రాక్టరు దిగిపోతానన్నాడు. నేను దిగనివ్వలేదు. ఆయన చెవి దగ్గరికి వెళ్లి, "మావయ్యా, వెనక అత్తయ్య పాలక్యాను పట్టుకుని కూర్చుందనుకో, చుక్క ఒలక్కూడదు" అన్నాను. జనం ముందు వరసలో ఉన్న అత్తయ్యకి అది వినపడింది. "మామూలుగా ఒలికించేస్తారు లెండి, ఇవాళ మాత్రం చూసుకోండి" అంది. ఊరంతా అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

ట్రాక్టరు చీమలా కదిలింది. తాడు బిగిసింది. పంజాబు డ్రైవరు మిషను మీద కూర్చుని, నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా తన ఇంజనుతో రవ్వంత సాయం పట్టాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. జరగనట్టు కనిపించేటప్పుడే జరుగుతూ ఉంటుందని ఉస్తాద్ అనేవాడు. ఆ తరువాత మిషను పొట్ట కింద బురద, గేదె లేచినప్పుడు చప్పుడు చేసినట్టు, నిట్టూర్చి పట్టు వదిలేసింది. ముందు టైర్లు కొబ్బరి మట్టలు ఎక్కాయి. వెనక టైర్లు ఎక్కాయి. అంత పెద్ద ఇనుము, ఒంటినిండా మట్టితో, మా పల్లం చేలోంచి పుంత మీదికి నడిచొచ్చి నిలబడింది. ముందు ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. ఆ తరువాత వేసిన కేక మాత్రం పంటు రేవులో వినపడిందని అక్కడివాళ్లు చెప్పారు. మావయ్య ట్రాక్టరు దిగి వచ్చి నన్ను పట్టుకుని, నా చొక్కాకి అంటిన బురదని అరచేత్తో తుడుస్తూ నిలబడ్డాడు.

మిషను ఆ పొద్దూ, మర్నాడూ ఆగకుండా కోసింది. పల్లం చేలు మళ్లీ దింపకుండా కొడవళ్లతో కోశారు. ఆఖరి చేలో ధాన్యం ట్రక్కుకెత్తి పట్టా కప్పేసరికి ఉప్పాడ తీరం వైపు నుంచి మబ్బు నల్లగా వచ్చి మీద పడింది. వానలో తడుస్తూ ఇంటికొస్తుంటే టీకొట్టులోంచి మావయ్య గొంతు వినిపించింది. రేడియో బాగైంది. గోడ మీద ఫోటో చూపిస్తూ ఎవరో పొరుగూరి మనిషికి చెబుతున్నాడు: "గొట్టం ఉన్న టాంకులు బోలెడుంటాయండి. పేల్చేవాడు ఎవడైనా పేలుస్తాడు. దిగబడ్డవాణ్ణి ప్రాణాలతో లాక్కొచ్చేది ఇదండి. దీనికి గొట్టం ఎందుకండీ?" ఆ మాటకి ఒక్క ముక్క కూడా దిద్దాల్సిన అవసరం లేకపోయింది. సెలవయ్యాక వెళ్లి ఉస్తాద్‌కి ఈ కథంతా చెబితే, ఆయన టీ గ్లాసు కింద పెట్టి విని, ఆ తరువాత కొత్తగా వచ్చినవాళ్లకి పాఠం చెప్పేటప్పుడల్లా తాడు మధ్య చోటు చూపించి, 'అక్కడ గోదావరి అరటిచెట్లు నిలబడతాయి, మీరు కాదు' అనడం మొదలుపెట్టాడు.

కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. సైన్యంలోంచి బయటికొచ్చి, నోటికి బదులు కలంతో పోట్లాడడం మొదలుపెట్టిన చాన్నాళ్లకు, ఒక సభలో మూఢాచారాల పుట్టుక గురించి మాట్లాడి రావులపాలెం మీదుగా వస్తున్నాను. కాలవ గట్టున ట్రాఫిక్ ఆగిపోయింది. అరటి గెలల లారీ ఒకటి గట్టు జారి కాలవలోకి ఒరిగి ఉంది, పొక్లెయినుకి తాడు కట్టి లాగే ఏర్పాటు చేస్తున్నారు. దిగి చూద్దును కదా, తాడుకి ఇవతల ఒక అరటి బోదె పాతి ఉంది. దానికి పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లు ఉన్నాయి. మెడలో కొత్త కండువా, దాని మీద బంతిపూల దండ. నా ఒళ్లు మండింది. అప్పుడే సభలో చేసిన ఉపన్యాసం ఇంకా నోట్లో వేడిగానే ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను, దండ సర్దుతున్న ఒకావిణ్ణి.

"బోదె మొక్కండీ. బండి లాగేటప్పుడు పెట్టాలండి. లేపోతే తాడు మనిషిని కోరుద్దంట."

"ఎవరు చెప్పారు?"

"ఎప్పుడో మిలిటరీ నుంచి ఒక సామి వచ్చి పెట్టాడంటండి. ఆయన కండువా కట్టమన్నాడంట, కట్టారంట, తాడు మనుషుల్ని వదిలేసి బోదెల్ని తీసుకుందంట. మా అత్తారి వైపు వాళ్లు చూశారండి."

బాబాల మీద జీవితమంతా రాసిన మనిషి సొంత జిల్లాలో తానే ఒక సామి అయి ఉన్నాడు. మాటలు కూడదీసుకుని, ఆ తాడు ఏమీ కోరదనీ, గొలుసు తెగితే ఎలా దూసుకొస్తుందో, బోదెలు ఎందుకు పెట్టించారో, అసలు ఆ మిలిటరీవాడికి దేవుడి మీద నమ్మకమే లేదనీ వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అవునాండీ. మరి బొట్టు లేకపోతే జనం ఆగరు కదండీ" అంది.

నేను తల తిప్పి చూశాను. బోదె పాతింది సరిగ్గా తాడు అందనంత దూరంలో. దానికి అవతల, తాడు వైపు, ఒక్క మనిషి లేడు. లారీ డ్రైవర్లు, స్కూలు పిల్లలు, గెలలు మోసేవాళ్లు, వాళ్ల మధ్య ఒక పోలీసాయన, అందరూ దాని వెనక, పంక్తిలో నిలబడినట్టు నిలబడి ఉన్నారు. నేను గట్టెక్కి అరిచినా కదలని ఊళ్లు, నేను లేని చోట, నేను చెప్పినంత దూరంలో. మాస్టారు ఉండి ఉంటే ఏమనేవారా అని ఆలోచించాను. బహుశా కళ్లజోడు తుడుచుకుని, ఆ దూరం ఒకసారి కంటితో కొలిచి, సరిగ్గానే ఉందిరా అనేవారు.

"మీరూ వెనక్కి రండి," అంది ఆవిడ. "మీ కండువా ఏదండీ?"

నాకు కండువా అలవాటు లేదు. ఏ విగ్రహానికీ ఇంతవరకు పువ్వు వెయ్యని చేత్తో జేబురుమాలు తీసి, బంతిపూల దండ పక్కన గట్టిగా ముడి వేసి, జనం వెనక్కి వెళ్లి నిలబడ్డాను.